మెట్లు లేని టవర్ మీద మనిషి

ఇంకో నాలుగు వానలు పడితే ఆ టవర్ కూలిపోతుంది. దానితోపాటు దాని సంగతీ పోతుంది. పైగా మా బామ్మర్ది రాజేశం దీన్ని నలుగురిలో నవ్వులాటగా చెబుతున్నాడు. అది నవ్వులాట కాదు. అందుకే రాసి పెడుతున్నాను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. పవర్‌లూమ్ నడుపుతాను. పదో తరగతితో బడి ఆగినా గ్రంథాలయం వల్ల చదువు ఆగలేదు. నిర్మల్ అవతల, ఇప్పుడు ట్రెక్కింగ్‌కు వచ్చేవాళ్లు నడిచే బాట పక్కన, అడవి మంటలను కనిపెట్టడానికి గుట్ట మీద కట్టిన పాత ఇనుప టవర్ ఉందని తెలిసి, దాని చరిత్ర రాయాలనుకున్నాను.

పోయిన ఎండాకాలం నేను, నా భార్య పద్మ, రాజేశం వెళ్లాం. టవర్ దగ్గరి ఊరి భీంరావు దారి చూపాడు. కాలు బెణికి పద్మ బాట మలుపులోనే కూర్చుంది. అక్కడికి టవర్ కొన కనిపిస్తుంది. మేం ముగ్గురం మిట్టమధ్యాహ్నం టవర్ కిందికి చేరాం.

ఉపగ్రహాలు మంటల కబురు ఫోన్లకే పంపడం మొదలుపెట్టాక దాన్ని ఎక్కే అవసరం పోయింది. ఎవరూ ఎక్కకుండా కింది మెట్లు కోసేశారు. రెండు నిలువుల ఎత్తు దాకా మెట్టే లేదు.

భీంరావు తండ్రి అక్కడ వాచర్‌గా చేశాడు. అప్పటి పద్ధతి భీంరావు చెప్పాడు. పైనున్న మనిషి దిగాలనుకుంటే రాయితో ఇనుప స్తంభం మీద కొట్టేవాడు. కింద వంతుకు వచ్చినవాడు తిరిగి కొట్టేవాడు. కొట్టాడంటే పైకెక్కుతానని మాటిచ్చినట్టే. ఆ జవాబు లేకుండా పైవాడు దిగకూడదు. టవర్ ఖాళీగా ఉండకూడదు.

అతను చెబుతుండగానే పైనుంచి టంగ్‌మని వినిపించింది. కాసేపాగి మళ్లీ.

"ఎండకు ఇనుము సాగుతది. గదే సప్పుడు," అన్నాను.

"అయితే జవాబియ్యి బావా! గన్ని బుక్కులు సదివినవ్, నీకేం భయం?" అన్నాడు రాజేశం.

రాయి తీసి కొట్టాను.

భీంరావు నా చెయ్యి పట్టుకున్నాడు. "అరే, ఏం జేసినవ్ సారూ! గిప్పుడు నువ్వెక్కాలె."

పైన చప్పుడు ఆగింది. తర్వాత మెట్ల మీద అడుగులు. నిదానంగా, ఒక్కొక్కటే కిందికి. ప్రతి అడుగుకూ తుప్పు రాలి నా చొక్కా మీద పడింది. మనిషి మాత్రం కనిపించలేదు. మెట్లు కోసేసిన చోట, సరిగ్గా మా తలల మీద, అడుగులు ఆగాయి.

"డ్యూటీలు బందైనయ్ కాకా! ఎవ్వలు ఎక్కరు!" అని భీంరావు పైకి అరిచాడు. రాజేశం నా రెక్క పట్టి లాగాడు. పరుగెత్తాం.

మలుపులో పద్మ లేచి నిలబడి ఉంది. నన్ను చూసి వెనక్కి జరిగింది.

"నువ్వు గీడున్నవ్... మరి పైన ఎవలు? గిదే అంగి, గిదే మొఖం. నువ్వు చెయ్యి ఊపినవ్, నేను గూడ ఊపిన. గిప్పటికీ ఆడనే ఉన్నవ్, సూడు!"

నేను తిరిగి చూడలేదు. రాజేశం చూశాడు. ఏం కనిపించిందో ఎంత అడిగినా చెప్పడు.

చప్పుడుకు ఎండ కారణమనుకోవచ్చు. అడుగులకూ అదే అని సర్దిచెప్పుకోవచ్చు. పద్మ చూసిన మనిషికి మాత్రం ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు.

పుస్తకాలు వెతికి ఇచ్చిన గ్రంథాలయం సుజాత మేడంకు, దారి చూపిన భీంరావుకు, నన్ను అక్కడినుంచి లాక్కొచ్చిన రాజేశంకు కృతజ్ఞతలు. ఆ రోజు గుట్ట దిగి వచ్చింది నేనేనని నమ్మి, ఇంట్లోకి రానిచ్చిన పద్మకు కూడా.