బస్టాప్‌లో సున్నుండ

దోహాలో దిగిన మొదటి రోజు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ బస్టాప్‌లో కూర్చున్నాను. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నేను ఫోన్లో మాట్లాడుతుంటే విని, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక యాభయ్యేళ్ళాయన దగ్గరకు జరిగాడు.

"తెలుగువారా! ఏ ఊరండీ?"

తెనాలి అన్నాను. తమదీ ఆ పక్కేనన్నాడు. ఏ బస్సెక్కాలో చెప్పాడు. చల్లటి నీళ్ళ సీసా ఇచ్చాడు. పరాయి ఊళ్ళో నాకు ప్రాణం లేచొచ్చింది. "మా ఆవిడ చేసిందండీ" అంటూ స్టీలు డబ్బా తెరిచి, సున్నుండ ఒకటి తీసి, ఇవ్వబోతూ ఆగాడు.

"ఇంతకీ మీ ఇంటిపేరేంటండీ?"

కులం అడగడానికి మనవాళ్ళు కనిపెట్టిన మర్యాద ఇది. సముద్రం దాటినా దీన్ని మాత్రం భద్రంగా మూటగట్టుకొస్తారు. సున్నుండ అతని వేళ్ళ మధ్యే ఉంది. నాకు ఒళ్ళంతా అసహ్యం పాకింది. లేచి వెళ్ళిపోవాల్సింది. కానీ నా నోటివెంట కాలేజీలో నా రూమ్మేటు ఇంటిపేరు వచ్చింది.

"అదీ! మొహం చూడగానే అనుకున్నా, మనవాళ్ళేనని." సున్నుండ నా చేతిలో పడింది. "జాగ్రత్తండీ. ఇక్కడ రూముల్లో ఎవరెవరో ఉంటారు. కనుక్కుని మరీ చేరండి."

ఆ ఎవరెవరో నేనే. నవ్వుతూ తలూపాను.

అతను మళ్ళీ కనబడలేదు. సున్నుండల నెయ్యి వాసన తగిలితే మాత్రం నాకు ఇప్పటికీ డోకొస్తుంది. అతన్ని తలుచుకుని కాదు. ఆ రోజు చాలా బాగుందని చెప్పి, రెండోది అడిగి మరీ తిన్నాను.