అత్తయ్య కోటి రొయ్యలు, నా ఒక్క దశాంశం

మా అత్తయ్య కుడి బొటనవేలికి కట్టు కట్టింది నేనే. ఆ కట్టు పడటానికి కారణమూ నేనే. తిట్టేవాళ్లు ఎలాగూ తిడతారు, ముందు మొత్తం వినండి.

వీడియోలు చూసి కోడింగ్ నేర్చుకున్నదాన్ని. బందర్లో మా ఇంటి డాబా మీద కూర్చుని ఒక లైబ్రరీ రాశాను. పుస్తకాలది కాదండీ, ఎవరి గేమ్‌లోనైనా పెట్టుకోగల కోడ్ ముక్క. గేముల్లో స్కోరు పెరిగి పెరిగి స్క్రీన్ దాటిపోతుంది కదా, దాన్ని పొట్టిగా చూపిస్తుంది. 1,00,00,000 అని సున్నాలన్నీ పరచకుండా, నీట్‌గా '1.0 కో'. కో అంటే కోటి. ఎంత ముద్దుగా ఉందో!

విజయవాడలో గేములు చేసే ఒకాయనకి చూపిస్తే, "బయటివాళ్లు ఒకరు వారం ఆడాలమ్మా. సోమవారం వీడియో కాల్‌లో వాళ్లతో మాట్లాడించు. బావుందంటే మా గేమ్‌లో పెడతాం" అన్నారు. నా కోడ్‌కి మొదటి ఛాన్స్!

వెంటనే రొయ్యల చెరువు గేమ్ ఒకటి చేసి, గుడివాడలో టైలరింగ్ షాపు నడిపే మా మేనత్త ఫోన్‌లో వేశాను. నొక్కితే మేత పడుతుంది, రొయ్యలు పెరుగుతాయి. కోటి దాకా గబగబా వెళ్తుంది. ఆ తర్వాత నొక్కుకి పదే రొయ్యలు. కష్టపడాలి కదా మరి!

మూడో రోజుకే అత్తయ్య ఫోను.

"ఏమే, నా కోటి కదలట్లేదే."

నేనేమో వేరే పనిలో ఉన్నాను. "పెద్ద లెవెల్ అత్తా, ఓపిక పట్టు. నొక్కుతూ ఉండు" అనేశాను.

నొక్కింది. నాలుగు రోజులు నొక్కింది.

సోమవారం బస్సెక్కి గుడివాడ వెళ్లేసరికి అత్తయ్య బొటనవేలు వంకాయలా వాచి ఉంది. "జాకెట్లకి జనం లైన్లో ఉంటే ఈవిడ మేత వేస్తోందమ్మా" అన్నాడు మావయ్య. కట్టు కడుతుండగానే విజయవాడ కాల్ వచ్చింది.

"గేమ్ ఎలా ఉందమ్మా?"

అత్తయ్య కట్టు కట్టిన వేలు కెమెరాకి చూపించింది. "చెరువుకి జబ్బొచ్చిందండీ. మా పుట్టిల్లు బంటుమిల్లి పక్కన. మా అన్నయ్య చెరువులో నాలుగు రోజులు మేత తిని ఒక్క రొయ్య ఎదక్కపోతే ఊరుకుంటాడా? వల విసిరి చూస్తాడు. ఇందులో వల ఎక్కడుందో ఈ పిల్ల చెప్పలేదండీ!"

"నీళ్లు టెస్ట్ చేయించాల్సిందేమో" అన్నాడు వెనకనుంచి మావయ్య.

విజయవాడాయన నన్ను అడిగారు. "ఏంటమ్మా సమస్య?"

అప్పుడు తట్టింది నా బుర్రకి. దశాంశం తర్వాత నేను చూపించేది ఒక్క అంకె. 1.0 కాస్తా 1.1 అవ్వాలంటే ఇంకో పది లక్షల రొయ్యలు. నొక్కుకి పది.

"అంటే లక్షసార్లు నొక్కాలా?" అన్నారాయన.

"...అవునండీ."

"లక్షా!" అత్తయ్య చేతిలో కత్తెర కింద పడింది.

సెట్టింగ్స్‌లో ఓ మూల 'పూర్తి సంఖ్య' అని బటన్ ఒకటి పెట్టాను, ఎవరికి కావాల్లే అనుకుంటూనే. అది నొక్కాను. 1,01,12,340!

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకే చదివింది. పదకొండు వేల పైచిలుకు నొక్కులు! "ఇదంతా నా కష్టం! కోసి దాచేయడానికి నువ్వెవరివే?"

విజయవాడాయన నవ్వాపుకుంటూ, "అమ్మాయ్, ముందు ఆ బటన్ పంపించు. లైబ్రరీ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

అలా ఈ రోజుకి నా లైబ్రరీకి ఉన్నది ఒకే ఒక్క యూజర్. ఆవిడ ఫోన్‌లో అది ఆఫ్‌లో ఉంది.

వేలు అలా ఉంటే సూది పట్టేదెవరు? నేనే. సాయంత్రం దాకా షాపులో కూర్చుని జాకెట్లకి హుక్కులు కుట్టాను. మధ్యలో అత్తయ్య అడిగింది, "ఎన్నయ్యాయే?"

"ఓ ముప్పై అయ్యుంటాయి అత్తా."

"అయ్యుంటాయేంటి? ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పు."

ఇరవై ఆరు.