ఎఫ్ టూ మీద ఎండిన గంధం

పుంగనూరులో మా పిన్ని జాకెట్లకు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వేస్తుంది. సెలవులకు మదనపల్లె నుంచి వెళ్లినప్పుడు, ఆమె కంప్యూటర్ ఈడుస్తూ నడుస్తోందని అందులోని పాత విండోస్ తీసేసి లినక్స్ పెట్టింది నేనే. డిజైన్లన్నీ భద్రంగా దాచాను. వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

మరునాడే కుప్పం నుంచి ఒక పెళ్లికూతురి అమ్మ వచ్చింది. జాకెట్టు చేతులకు పిన్ని గీసిన చిలకల వరుస కావాలి. సాయంత్రానికల్లా ఇవ్వాలి, తెల్లవారితే పెళ్లి. కంప్యూటర్ చెడిపోయిందన్నా వినకుండా ఆమె చుట్టాలింటికి వెళ్లగానే పిన్ని నా వైపు తిరిగింది.

"బాగుండేదాన్ని ఇంకా బాగు సేస్తానంటివి గదమ్మా. ఇప్పుడు నా చిలకలు యాడికి ఎగిరిపొయినాయి?"

ఒక దారి ఉంది: వర్చువల్ మెషీన్. ఒక కంప్యూటర్ కడుపులో ఇంకొకటి నడుస్తుంది. కుప్పంలో చదివేటప్పుడు ల్యాబ్‌లో చూశానే గానీ సొంతంగా ఎప్పుడూ చేయలేదు. ఫోన్ నెట్‌తో ఆ సాఫ్ట్‌వేర్ దించి, ఎక్కించి, స్టార్ట్ నొక్కాను. ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్, అంటే అలా నడిపే వసతి, ఆపేసి ఉందని తెర మీద పడింది. కంప్యూటర్ లేస్తున్నప్పుడే కీబోర్డు మీద ఎఫ్ టూ మీట నొక్కి దాన్ని ఆన్ చేయాలి.

మూడుసార్లు నొక్కాను. మీట కదిలితేనా! వంగి చూస్తే, ఆయుధపూజకు పెట్టిన గంధం, కుంకుమ దాని చుట్టూ రాయిలా గట్టిపడి ఉన్నాయి. ఆ మీటతో ఎవరికీ పని పడలేదు కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదు.

గీకడానికి సూది తీయగానే పిన్ని కేకేసింది. "శుక్కురారం పూట బొట్టు తుడస్తావా? పిచ్చి పట్టిందా నీకు?"

"తుడవను పిన్నీ, జరుపుతా."

ముందు మానిటర్ అంచుకు కొత్త బొట్టు పెట్టి, తరువాతే మీట గీకాను.

ఈసారి సెట్టింగులు తెరుచుకున్నాయి. బీరువాలోని పాత విండోస్, ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ సీడీలతో మధ్యాహ్నానికి లినక్స్ తెర మీదే చిన్న కిటికీలో విండోస్ లేచింది. అందులో చిలకలు వచ్చి వాలాయి. మిషన్ కుట్టడం మొదలుపెట్టాకే నేను నీళ్లు తాగాను.

సాయంత్రం పెళ్లికూతురి అమ్మ చిలకల మీద వేళ్లు ఆడించింది. "కంప్యూటర్ చెడిపొయిందని పొద్దున అంటిరే, ఎవురు బాగు సేసినారమ్మా?"

కొత్తవాళ్లు వస్తే నేను బీరువా చాటుకు వెళ్లిపోతాను. ఆ రోజు పిన్ని నోరు తెరిచేలోపే, "నేనే" అన్నాను.

"సూడక్కా," పిన్ని నవ్వింది, "మా పాపకు నోరుండాదని నాకూ ఈ పొద్దే తెలిసింది."