తిప్పని పేజీ

పోయిన నెలలో పుదుచ్చేరి నుంచి మా తమ్ముడి భార్య ఒక పాత గుడ్డసంచి పంపింది. లోపల తాత శనివారం పుస్తకం ఉంది. "మనలో తెలుగు ఎళుత్తు వచ్చింది మీకొక్కరికే గదా వదినా, మీ కాడే ఉండనీండి" అని ఫోనులో చెప్పింది. అక్షరాన్ని మా వైపు అందరూ తమిళంలోలాగే ఎళుత్తు అంటారు. ఆమె మాటలో నా మీది గౌరవం ఎంతో, అటక ఖాళీ చేసుకునే ఉపాయం ఎంతో నేను లెక్కవేయలేదు. నాకైనా ఆ అక్షరాలు వచ్చింది పెళ్ళయి నెల్లూరు చేరాకే. బస్సుల మీద ఊళ్ళ పేర్లు కూడబలుక్కుంటూ, పాల ప్యాకెట్ల మీది రాతలు చదువుకుంటూ పాతికేళ్ళు దాటాక నేర్చుకున్నాను. పుస్తకాన్ని కళ్ళకద్దుకుని మొదటి పేజీ చదివాను. మధ్యలో ఒకటి, చివర ఒకటి చదివాను. ఆ తర్వాత పొయ్యి మీద పాలు పొంగుతున్నా లేవలేకపోయాను. అందులో ఏముందో చెప్పేముందు, ఆ పుస్తకం మా ఇంట్లో ఎంతటిదో చెప్పాలి.

మావాళ్ళు ఎన్నో తరాల కిందట పుదుచ్చేరికి వచ్చి స్థిరపడ్డ తెలుగు రైతులు. తాత హయాంలోనే పొలాలు పోయాయి. నాన్న, పెదనాన్న కలిసి బియ్యం కొట్టు నడిపేవారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు మాకు నాలుక మీద ఉండేదే గానీ కాగితం మీద ఉండేది కాదు, ఒక్క తాతకు తప్ప అని అందరం నమ్మేవాళ్ళం. శనివారం పొద్దున్నే ఆయన తలస్నానం చేసి, నామం పెట్టుకుని, దేవుడి పటం ముందు ఆ పుస్తకం తెరిచేవాడు. పాదం పాదానికీ చివర "గోవిందా" అని వచ్చే స్తోత్రం ఒకటి అందుకునేవాడు. వేలు వరుస వెంట కదిలేది, సమయానికి పేజీ తిరిగేది, గొంతు ఎక్కడా తడబడేది కాదు. కర్పూరం వాసనలో కూర్చుని నేను నేర్చుకున్నది స్తోత్రం కాదు. పుస్తకం ఎదుట పెట్టుకుని, వేలు ఆనించి, ఆగకుండా చెప్పుకుపోవడమే చదవడం అని నేర్చుకున్నాను. మా ఇంట్లో ఎవరిని అడిగినా చదువంటే అదేననేవాళ్ళు.

రెండువేల మూడులో నన్నూ, మా పెదనాన్న కూతుర్నీ తమిళ బడి మాన్పించి ఇంగ్లీషు బడిలో ఆరో తరగతిలో చేర్పించారు. అక్క నాకంటే ఏడాది పెద్దది. ఆడపిల్లలు జతగా పోతే దారికి ధైర్యమని మా ఇద్దరినీ మొదటినుంచీ ఒకే తరగతిలో వేశారు. జాలర్లుండే కురుచికుప్పం మీదుగా, ఎండుచేపల వాసన యూనిఫాంకు పట్టకుండా పరుగెత్తినట్టు నడిచేవాళ్ళం. బడిలో మేము నోరు తెరిస్తే మూడు భాషలూ కలిసి వచ్చేవి, ఏదీ టీచరుకు పనికొచ్చేది కాదు. మొదటి నెలంతా ఇద్దరం బడిలో మంచినీళ్ళు తాగడం మానేశాం. తాగితే బయటికి వెళ్ళాలి, వెళ్ళాలంటే ఇంగ్లీషులో అడగాలి. సాయంత్రం ఇంటికి రాగానే బిందె దగ్గర కూర్చుని గటగటా తాగుతుంటే నానమ్మ, "ఏంది మే, సముద్రమంతా తాగినా దాహం తీరదా మీకు?" అని నవ్వేది. మాకు నవ్వొచ్చేది కాదు.

అక్క చదువు మరీ నిదానం. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, దాని శబ్దం లోలోపల రుచి చూసి, తర్వాతి దానికి కలిపి, మాట తయారయ్యాక దాన్ని మళ్ళీ మొదటినుంచీ అనేది. ఒక పేజీకి పావుగంట పట్టేది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ వినేదాన్ని. మూడోసారికి పాఠమంతా నా నోటికి వచ్చేసేది. మర్నాడు క్లాసులో లేచి నిలబడి, వేలు పేజీ మీద ఆనించి, తాత స్తోత్రంలా ఏకబిగిన వదిలేదాన్ని. టీచరు భుజం తట్టేది. అక్క వంతు వస్తే రెండు వాక్యాలకే కూర్చోమనేది, వెనక బెంచీలో నవ్వులు వినిపించేవి. నేను మోసం చేస్తున్నానని నాకు మొదట్లో నిజంగానే తెలియదు. తెలిశాక కూడా మానలేదు.

అర్ధసంవత్సర పరీక్షల్లో పాఠం పైకి చదివించి చూశాక హెడ్మిస్ట్రెస్ ఇంటికి ఉత్తరం పంపింది. ఇంగ్లీషులో ఉంది. నాన్నకూ పెదనాన్నకూ ఇంగ్లీషు సంతకం వరకే. నన్ను చదవమన్నారు. కాగితం చేతిలోకి తీసుకున్నాను. ఎప్పుడూ వినని రాత అది, ఒక్క ముక్క కూడా రాలేదు. తల నొప్పిగా ఉందన్నాను. అక్క నా చేతిలోంచి తీసుకుని, నేల మీద కూర్చుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని అంతా చదివింది. చదివి, తలెత్తకుండా, "నేను ఆరుకి చాలనంట. నాలుగులో కూర్చోవాలంట. లేకపోతే వేరే పళ్ళికూడం చూసుకోమంటా ఉండారు" అని చెప్పింది. కావాలంటే ఏ అబద్ధమైనా చెప్పగలిగేది, ఆ ఇంట్లో పట్టుకునేవాళ్ళు ఎవరున్నారు? తనకు చదువు రాదన్న ఉత్తరాన్ని తానే చదివి వినిపించిన పిల్ల ఎదుట కూర్చుని ఉంటే, ఈ పిల్లకు చదువు వచ్చన్న మాట ఒక్కరికీ తట్టలేదు. తట్టిన నేను నోరు మెదపలేదు.

ఈ వ్యవహారం తాత తేల్చాడు. చిన్నపిల్లల మధ్య నాలుగో తరగతిలో కూర్చోవడం పరువు తక్కువ. అక్కకు చదువు ఉన్నట్టయితే తానే వెళ్ళి హెడ్మిస్ట్రెస్‌ను బతిమాలుతాడు, లేకపోతే తమిళ బడికి తిరిగి పంపేస్తాడు. శనివారం పూజ కాగానే ఇద్దరినీ పటం ముందు నిలబెట్టి ఇంగ్లీషు పుస్తకాలు తీయమన్నాడు. నేను గొడుగులు బాగుచేసే ముసలాయన పాఠం అందుకున్నాను. చివరిదాకా ఆగకుండా చెప్పి తలెత్తేసరికి అక్క నా పుస్తకంలోకే చూస్తోంది. పాఠం రెండు పేజీలు. నేను పేజీ తిప్పడం మరిచిపోయాను. అక్క నా వేలి వైపు ఒకసారి చూసి తన పుస్తకం తెరిచింది. ఆ రోజు మామూలుకన్నా ఇంకా ఎక్కువ తడబడింది. తాత కాసేపు విని చెయ్యెత్తాడు. "సదువంటే ఆగకుండా రావాల పాపా. తోవలో రాళ్ళేరుకుంటా పోతే ఊరు చేరేదెప్పుడు?" అన్నాడు. నా వైపు తిరిగి, "పిట్ట కొంచెం, కూత ఘనం" అని తల నిమిరాడు. ఆ చేతిలో ఇంకా కర్పూరం వాసన ఉంది.

సోమవారం నుంచి అక్క మరో దారిన తమిళ బడికి వెళ్ళింది. నేను ఒక్కదాన్నే కురుచికుప్పం దాటాను. దారికి ధైర్యం కావాలన్న సంగతి అందరూ మరిచిపోయారు. రెండు వారాల్లో నా బండారం బయటపడే పరిస్థితి వచ్చింది, పాఠాలు చదివి వినిపించేవాళ్ళు ఎవరు? సిగ్గు విడిచి పుస్తకం పట్టుకుని అక్క దగ్గరికే వెళ్ళాను. తన బడి కాని బడి పాఠాన్ని ఆమె నాకు చదివిపెట్టింది. నాలుగైదు రోజులకు పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఇంక నువ్వే సదువు" అని, మొదటి అక్షరం మీద నా వేలు పట్టి ఆనించింది. ఆ ఏడాది చివరికి నేను నిజంగా చదివాను. డిగ్రీదాకా వెళ్ళాను. అక్క పదో తరగతితో ఆగి తట్టాంచావడిలో ఒక మందుల ఫ్యాక్టరీలో చేరింది. సీసాల మీద అంటించే చీటీల్లో అచ్చు సరిచూసే పని. ఇప్పటికీ అదే.

ఇక పుస్తకం సంగతి. అది స్తోత్రాల పుస్తకం కాదు. పశువుల జబ్బులకు నాటువైద్యం. ఎద్దుకు కడుపు ఉబ్బితే వాము ఎంత, ఇంగువ ఎంత, గిట్టల్లో పుండ్లు పడితే ఏ ఆకు నూరాలి, అదంతా. తాత వాళ్ళ నాన్న పుస్తకాల్లో చెదలు తినగా మిగిలింది అదొక్కటే కాబోలు. స్తోత్రం చెవిన పడి వచ్చి ఉంటుంది. జీవితమంతా మా తాత సాక్షాత్తూ స్వామి ఎదుట ఎద్దుల అజీర్తికి హారతి పట్టాడు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. తెలుగు అక్షరం రాని మనిషీ ఇంగ్లీషు అక్షరం రాని పిల్లా కలిసి, ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగిన ఒక్కగానొక్క మనిషిని ఆ బడి మాన్పించాం. అక్కకు ఫోను చేసి పుస్తకం విషయం చెప్పాను.

"అది నాకు అప్పుడే తెల్సు మే" అంది.

"ఎట్టా? నీకు తెలుగు ఎళుత్తు ఒకటీ రాదే!"

"రాకపోతే ఏంది? లైను లైనుకీ గోవిందా అంటాడు గదా తాత. ఆ పేజీలో ఒకే మాదిరి ఎళుత్తులు లైను చివర యాడా లేవు. ఎన్ని శనివారాలు ఎతికినానో."

"మరి చెప్పలేదేందక్కా?"

"చెప్తే తాతకి ఏం మిగుల్తాది?" అంది. వెనక యంత్రాల చప్పుడు వినిపిస్తోంది. "నువ్వు పేజీ తిప్పంది గూడా చూసినాలే. సరి, పెట్టేస్తా, సూపర్వైజరు వస్తా ఉండాడు."

ఫోను పెట్టాక కూడా పుస్తకం నా ఒళ్ళోనే తెరిచి ఉంది. అక్షరం అక్షరానికీ ఆగుతుందని పంపేసిన మనిషి ఎప్పుడో ముందుకు నడిచిపోయింది. ఆగకుండా చదివిన నేను ఇరవై ఏళ్ళుగా ఆ శనివారం దగ్గరే, తిప్పని పేజీ మీద వేలు పెట్టుకుని నిలబడి ఉన్నాను.