ఘటం దించని బొమ్మ

మా అసిరమ్మత్తకి చుట్ట అలవాటు. మా వైపు ఆడవాళ్లు నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు, అది ఇక్కడ వింతేమీ కాదు. వింత ఏమిటంటే, డెబ్బై దాటిన మా అత్త ఆ చుట్టని పశువుల సాల వెనక నక్కి తాగేది. మావయ్య పోయి చాలా కాలమైంది. కొడుకు కొండబాబు తల్లికి ఎదురు చెప్పి ఎరగడు. మరి ఎవరికి భయం? తన బొమ్మకే.

ఆ బొమ్మ సంగతి చెప్పాలంటే ముందు త్యాగరాజుగారి సంగతి చెప్పాలి. విజయనగరంలో వీణ వాయించే ఇంట్లో పుట్టి, వీణ వదిలేసి కుంచె పట్టినాయన. మొదట్లో సినిమా హాళ్లకి బోర్డులు రాశాడు, తర్వాత వారపత్రికల అట్టలకి బొమ్మలు వేశాడు. అందరూ నాజూకు నడుములూ మీగడ రంగులూ వేస్తుంటే, ఈయన మా పొలాల్లో ఎండకి మాడిన ఆడవాళ్లని తెచ్చి, పసుపు రంగు మీద లావుపాటి నల్లగీతతో నిలబెట్టాడు. "ఇవేం బొమ్మలు, పిల్లలు బొగ్గుతో గోడల మీద గీసినట్టు" అని వెక్కిరించినవాళ్లే తర్వాత ఆయన్ని ఢిల్లీ దాకా తీసుకెళ్లి శాలువాలు కప్పారు. లోకం అంతే లెండి.

ఆయనకి అంత పేరు తెచ్చిన బొమ్మ మా అత్తది. కోటబొమ్మాళి అవతల మా ఊళ్లో అమ్మవారి పండగరోజు ఒక ఆడమనిషి పసుపూ కుంకుమా పూసిన ఘటాన్ని నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరుగుతుంది. ఘటం నెత్తినున్నంతసేపూ ఆమె మనిషి కాదు, అమ్మవారు. పేరు పెట్టి పిలవకూడదు, కసరకూడదు, ఎదురుపడితే దండం పెట్టాలి. చివరికి గుడి ముందు ఘటం దించి, ఆమె కాళ్ల మీద పసుపునీళ్లు పోస్తారు. దాంతో అమ్మవారు వెళ్లిపోయి మనిషి మిగులుతుంది. వయసులో ఉండగా ఒక ఏడు మా అత్త ఘటం ఎత్తింది. నీళ్లు పోయడానికి ఆమె నేస్తం గున్నమ్మ చెంబుతో సిద్ధంగా ఉంది. సరిగ్గా అప్పుడే, పండగ చూడ్డానికొచ్చిన త్యాగరాజుగారు "కాస్సేపు అలాగే ఉండమ్మా, దించకు" అని గబగబా గీసేసుకున్నాడు.

ఆ గీసుకున్నదే 'ఘటాలమ్మ' అయింది. ముందు వారపత్రిక అట్ట మీదికొచ్చింది, తర్వాత కోటబొమ్మాళి బియ్యం వ్యాపారి క్యాలెండర్ మీదికి, అక్కణ్ణించి రెండు జిల్లాల్లో దేవుడి గదుల్లోకి. చీర కొంగుల మీదా, పెళ్లి శుభలేఖల మీదా, ఫోన్ల వెనక అట్టల మీదా అదే మొహం. గాజుల కొట్లో పిల్లలు "త్యాగరాజు బొట్టివ్వండి" అని అడుగుతారు, రూపాయి బిళ్లంత బొట్టు తీసిస్తారు. కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో టైలరింగ్ కొట్టు పెట్టుకున్నదాన్ని, నేను మాత్రం ఊరుకున్నానా? మా అత్త మొహాన్ని ఎన్ని జాకెట్ల వీపుల మీద కుట్టానో!

మొదట్లో అత్త కూడా మురిసిపోయింది. తర్వాతే మొదలైంది తంటా. ఆమె వీధిలోకొస్తే జనం లేచి నిలబడేవారు. "అమ్మా, నువ్వు బురదలో దిగడమేటి, పాపం సుట్టుకుంతాది" అని ఊడ్పులకి పిలవడం మానేశారు. నలుగురితో పాటలు పాడుతూ నాటు వేసే మనిషి గట్టు మీద కూర్చుని చూడాల్సొచ్చింది. ఆమె ఇంట్లోంచి ఎండుచేపల కూర వాసనొస్తే పక్కింటివాళ్లు నోరు నొక్కుకునేవారు. చుట్ట సాల వెనక్కి చేరింది అప్పుడే.

అవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది గున్నమ్మ సంగతి. ఇద్దరిదీ ఒకే ఈడు, పక్కపక్కనే ఇళ్లు. పొద్దున్నే "ఒసే అసిరీ!" "ఏటే గున్నీ!" అనుకోకపోతే ఇద్దరికీ తెల్లారేది కాదు. పెంట కోసం, కోడి కోసం, దేనికోసమైనా దుమ్మెత్తిపోసుకుని, మళ్లీ ఒకే అగ్గిపుల్లతో చుట్టలు ముట్టించుకునేవారు. క్యాలెండర్ వచ్చిన ఏడు గున్నమ్మ అత్తని ఏదో తిట్టి, మర్నాడు జ్వరంతో మంచం పట్టింది. అమ్మవారిని తిట్టినందుకే జ్వరమొచ్చిందనుకుని, లేచాక "తల్లీ" అని చేతులు జోడించింది. అంతే. ఇక "ఒసే" లేదు, తిట్టు లేదు.

"నీ సేత్తోనే నీల్లు పోసినావు గదే! ఘటం దించేసినాను గదా!" అని అత్త మొత్తుకునేది.

"నివ్వు దించినావు తల్లీ, బొమ్మ దించనేదు గదా. ఇంటింటా ఇంకా మోస్తన్నాది. దించనిదాన్ని నానెలా ఒసే అంతాను?" అనేది గున్నమ్మ.

నాకైతే ఒళ్లు మండేది. కానీ గున్నమ్మ లెక్క మా ఊరి లెక్కే, తప్పని ఎవరూ అనలేరు.

మొన్న చలికాలంలో గున్నమ్మకి ఆయాసం ఎక్కువైంది. అత్త చూడ్డానికి వెళితే, మంచం మీంచి లేవలేని మనిషి లేచి దండం పెట్టబోయింది. అత్త అక్కణ్ణించి నేరుగా నా కొట్టుకొచ్చి కూలబడి ఏడ్చింది. "భవానీ, అది నన్ను పేరెట్టి పిలవకుండానే పోతాదే. నన్నా ముసలాయన కాడికి తీసుకెల్లే" అంది. మర్నాడే కొట్టుకి తాళం వేసి, విజయనగరం బండెక్కించాను.

త్యాగరాజుగారు వాలుకుర్చీలో ఉన్నారు. చేతులు వణుకుతున్నాయి. కుంచె పట్టి చాలా రోజులైందని ఆయన కూతురు కౌముది ముందే చెప్పింది. అత్తని ఆయన గుర్తుపట్టలేదు. నేను చెప్పాక ఆ కళ్లలో వెలుగొచ్చింది. "అసిరమ్మా! నా బతుకంతా నీ చలవే" అన్నారు.

"నా బతుకు మాటేటి బాబూ?" అంది అత్త. "ఆ ఘటం ఎంతకని మొయ్యను? మెడ నొప్పెడతన్నాది. దించు."

ఆయనకి అర్థం కాలేదు. గున్నమ్మ సంగతంతా నేను చెప్పాను. పెద్దాయన చిరాకు పడ్డారు. "దేశమంతా చూసిన బొమ్మ. మార్చడం నా వల్ల కాదు. నేను వేసింది అమ్మవారిని, నిన్ను కాదు."

"అయితే నన్నెయ్యి. ఇన్నేల్లయినా నన్నెయ్యనేదు గదా!"

ఆయన ముందుకి వంగి అత్త మొహాన్ని పరీక్షగా చూశారు. తర్వాత "కౌముదీ, కాగితం, బొగ్గు పట్రా" అన్నారు.

అత్త ఆ గచ్చు మీద చతికిలబడి, కాళ్లు బారజాపి, బొడ్లోంచి చుట్ట తీసి ముట్టించి, నిప్పు కొస నోట్లో పెట్టుకుంది. "అయ్యో, కాలుతుందండీ!" అని కౌముది కెవ్వుమంది. పెద్దాయన దగ్గొచ్చేదాకా నవ్వారు. గీత వణికింది, పాత గీతలా లావుగా నిలబడలేదు. కానీ బొమ్మలో ఉన్నది మా అత్తే. పక్కన నేల మీద ఘటం.

ఆ బొమ్మని ఊరికి తెచ్చాక, చూసి నాలుక కరుచుకోనివాడు లేడు. గుడి పెద్ద నరసింగరావైతే ఇంటికే వచ్చాడు. "అమ్మోరు సుట్ట తాగడమేటి? అది దాసీయండి" అన్నాడు. "నీ గోడకి తగిలించమన్నానేటి? తప్పుకో" అని అత్త ఆ కాగితం చంకలో పెట్టుకుని నేరుగా గున్నమ్మ గుమ్మంలోకి నడిచింది. వెనకే నేను.

గున్నమ్మ మంచం మీద కూర్చుని, కాగితాన్ని వెలుతురుకి పట్టి చూసింది. మొహం చూడలేదు, చుట్ట చూడలేదు. వేలు పెట్టి ఘటాన్ని తడిమింది.

"కింద ఉన్నాది," అంది.

"కిందే ఉన్నాది," అంది అత్త.

గున్నమ్మ మంచం దిగింది. నేను పట్టుకోబోతే విదిలించుకుంది. గోడ పట్టుకుని లోపలికెళ్లి, చెంబుడు నీళ్లలో పసుపు కలిపి తెచ్చింది. అత్త గుమ్మంలో నిలబడింది. గున్నమ్మ ఒగురుస్తూ ఆ నీళ్లు మా అత్త పాదాల మీద పోసింది, సగం నా చీర మీద పడ్డాయి. తర్వాత గుమ్మంలోనే కూలబడి, ఊపిరి తీసుకుని, చెయ్యి చాపింది.

"ఒసే అసిరీ, సుట్టుందేటే?"

మా అత్త ఏడుస్తూనే బొడ్డు తడుముకుంది. "ఆయాసంతో సస్తన్నావు, నీకు సుట్ట కావాల్సొచ్చిందేటే ముండా!" అని తిట్టి, చుట్టని రెండు ముక్కలు చేసింది.