పై రెక్క తెరిచే తలుపు

1961 మార్చి ఏడు, మంగళవారం. హాలండ్‌లోని హార్లెంలో సన్నని జల్లు పడుతోంది. గొంతు పూడుకుపోయి, పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టిన నన్ను ఫెన్నా పిలిపించింది, ఇంటి నమూనా పటం చదివిపెట్టమని.

నలభై ఏళ్ళు ఊరి బట్టలు ఇస్త్రీ చేసిన ఫెన్నా ఒంటరి వృద్ధస్త్రీల ధర్మసత్రంలో ఉండేది. తోట చుట్టూ పన్నెండు ఇళ్ళు, నడుమ ఒక చేతిపంపు. మూడు వందల ఏళ్ళ నాటి ఆ కట్టడంలో అధికపదం వంటి ఇటుక ఒక్కటీ లేదు. (మా విద్యార్థుల వ్యాసాలను గురించి అంత మాట అనలేను.) ప్రతి తలుపుకూ పైనొకటి, కిందొకటి రెక్కలు. వానైనా సరే, ఎనిమిదికల్లా పై రెక్క తెరిచి మధ్యాహ్నం దాకా ఉంచాలి. మూసి కనిపిస్తే పొరుగామె తాళంచెవితో వస్తుంది. ఫెన్నా అక్క అద్దెగదిలో కన్నుమూస్తే మూడు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. తనకూ ఆ గతి పడుతుందేమోనన్నదే ఫెన్నా భయం.

సత్రాన్ని బాగుచేయడానికి గీసిన ఆ పటంలో అన్నీ ఒంటిరెక్క తలుపులే. దాన్ని గీసిన యువ వాస్తుశిల్పి రుథర్ మాతోనే ఉన్నాడు.

"చలిగాలి ఎంత వస్తోందో చూద్దామమ్మా" అంటూ అతడు పై రెక్క మూసి, సందు దగ్గర కొవ్వొత్తి పట్టుకున్నాడు.

కాసేపటికి తాళం తిరిగింది. పక్కింటి వైంట్యె, ఆమె వెనుక నలుగురు. ఒకామె చేతిలో గంజి కారుతున్న గరిటె.

"ఫెన్నక్కా! ఉన్నావా, పోయావా?"

"నీకు చెప్పకుండా పోతానుటే?"

"మరి తలుపేసుకున్నావేం? ఇద్దరు మగాళ్ళని లోపలెట్టుకుని!"

రుథర్ చెవులు ఎర్రబడ్డాయి. మేమంతా నవ్వాం.

"వీళ్ళు రావడానికి ఎంతసేపు పట్టింది నాయనా?" అని ఫెన్నా అడిగింది.

"నాలుగు నిమిషాలు."

"నీ ఒంటిరెక్క తలుపైతే ఎన్ని రోజులు పట్టేది?"

రుథర్ పటాన్ని ముందుకు లాక్కున్నాడు. పటంలోని ఒక్కొక్క తలుపునూ రబ్బరుతో చెరిపి, "రెక్కల మధ్య ఉన్నిపట్టీ కొడితే చలి ఆగుతుంది" అన్నాడు.

పదకొండేళ్ళకు నేను వేరే ఊళ్ళో ఉండగా ఫెన్నా ఉత్తరం వచ్చింది:

"మాస్టారూ, లైడెన్‌లో ఓ సత్రం బాగుచేస్తూ రుథర్ నన్ను కూడా తీసుకెళ్ళాడు. కింది రెక్క ఎంత ఎత్తుండాలని వడ్రంగి అడిగాడు. మోచేతులు ఆనించి, కబుర్లాడుకునేంత అని చూపించాను. అక్కడే గీత గీశాడు. పదిహేను తలుపులకీ నా మోచేతి కొలతే! పొట్టివాళ్ళు తిట్టుకుంటున్నారట. పీట వేసుకోమన్నాను."