ఎడమ సీటు

మార్కాపురం బజారులో రెండు తలుపుల ఎర్రటి పాత రేసు కారు కనిపిస్తే అది నగరేశ్వరరావుదే. జనం ఎంత అడ్డమొచ్చినా ఆయన హారన్ కొట్టడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "కొంచెం జరుగు నాయన" అంటాడు. పక్క సీటులో ఎవరినీ ఎక్కించుకోడు, ఎండలో నడిచిపోయే స్నేహితుడు చెయ్యెత్తినా సరే. మొదట్లో ఇట్లా ఉండేవాడు కాదు. తలుపు అంచును గోటితో గీకి, ఎరుపు కింద తెలుపునూ, దాని కింద ఆకుపచ్చనూ అందరికీ చూపించేవాడు. తన పలకల దుకాణం మూసి ఉండే రోజుల్లో ఆ రంగులు వేయించినవాళ్లను వెతుక్కుంటూ గిద్దలూరు, పామూరు తిరిగాడు. కారును అమ్మేసిన వాళ్లందరిదీ ఒకటే మాట: "మాకు కలిసిరాలేదన్నా." అంతకుమించి ఎవరూ పెదవి విప్పలేదు.

చివరికి బేస్తవారిపేటలో మొదటి యజమాని ఇల్లు దొరికింది. ఆయన ఏనాడో పోయాడు. వసారాలో కూర్చున్న భార్య సుభద్రమ్మ గేటు మీదుగా కారును చూసి, "మాది ఆకుపచ్చది. ఇది కాదులే నాయన" అంది. రంగులు మారినా హారన్ మాత్రం మొదటిదేనని మెకానిక్ చెప్పిన మాట గుర్తొచ్చి, నగరేశ్వరరావు ఒకసారి మోగించాడు. ఆమె లేచింది. చేతికర్ర గోడకే వదిలేసి చకచకా వచ్చి, గేటు రెండు రెక్కలూ బార్లా తీసింది. కారు ఎడమ తలుపు తెరిచి, దారంతా ఖాళీగా ఉన్న సీటును చేత్తో తడిమింది. తర్వాత తలెత్తి ఆయన ముఖంలోకి చూసి, మెల్లగా అడిగింది.

"మీ ఎంబడి ఈ సీట్లో కూచుని వచ్చిన పిల్లోడు ఏడీ?"